సార్ కుర్చీ

యాదగిరన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో సేల్స్ అమ్మాయిలు కూర్చోడానికి స్టూళ్లు సాధించింది నీ యూనియన్. వాటిని ఎప్పుడో తీసేశారు. మొన్న ఒక షాపులో గిరాకీ లేని వేళ కాసేపు మెట్టు మీద కూర్చుందని సేల్స్ అమ్మాయి మంజులను పనిలోంచి తీసేశారు. ఆ షాపు యజమానినే మనవాళ్లు నీ వర్ధంతి సభకు ముఖ్య అతిథిగా పిలిచారు! ఈ కాలంలో యూనియన్లు ఎందుకనే వాళ్లతో నేను రోజూ తగువు పడుతున్నాను. వాళ్ల నోటికి బలం ఇస్తున్నది ఈ సిగ్గులేని నాయకులే.

ఎల్బీ నగర్‌లో సభ. అతిథి ఇంకా రాలేదు. మంజుల నేరుగా వేదికెక్కి ఆయన కుర్చీలో కూర్చుంది.

"లే చెల్లె, అది సార్ కుర్చీ," అన్నాడు కార్యదర్శి.

"షాపుల సూపర్‌వైజర్ గూడ గిట్లనే లేపిండన్నా. మీ ఇద్దరికీ జీతం ఒక్కడే ఇస్తున్నడా ఏంది? నా పని నాకు ఇప్పించేదాంక లేవ."

కింద ఉన్న అమ్మాయిలు గొల్లున నవ్వారు. "కూసో అక్కా!" అంటూ వేదికెక్కి ఆమె చుట్టూ నిలబడ్డారు. యూనియన్ వల్ల లాభమేమిటని అడిగేవాళ్లు అప్పుడు అక్కడ ఉండాల్సింది.

యజమాని వచ్చాడు. ఇంకో కుర్చీ తెస్తుంటే అమ్మాయిలు దారివ్వలేదు. సభ అయ్యేదాకా ఆయన నీ ఫొటో పక్కన నిలబడే ఉన్నాడన్నా, బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు మార్చుకుంటూ.