ఏ తలుపని అడిగాడు మావా

మావా,

ఇరాక్ మీదికంటూ పరాయి యుద్ధ ఓడలు మళ్ళీ బహ్రెయిన్‌కి వచ్చాయి. నువ్వు పనిచేసిన లాండ్రీలోనే ఇప్పుడు నేను సిపాయిల బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. ఈరోజు నీ దొర వచ్చాడు. నీ చేపల పులుసు తిని, నిన్ను 'బ్రదర్' అని పిలిచిన ఆఫీసరే. నన్ను గుర్తుపట్టాడు.

"మీ ఆయన ఎలా ఉన్నాడు?" అన్నాడు నవ్వుతూ.

కువైట్ యుద్ధంలో సైరన్ మోగితే, నువ్వు అతని వెనకే షెల్టర్‌కి పరుగెత్తావు. "ఇది మావాళ్ళకే" అని తలుపేసుకున్నాడు. మన కూలీల క్యాంపు వైపు తిరిగి పరుగెత్తుతుంటే నిన్ను లారీ గుద్దింది. "బ్రదర్ అన్నాడు కదా, తెరుస్తాడనుకున్నానే," అన్నావు సల్మానియా ఆసుపత్రిలో. నాతో నీ చివరి మాట అదే.

"చనిపోయాడు. మీరు తలుపేసిన రోజే," అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

అతను కాసేపు ఆలోచించాడు. "ఏ తలుపు?" అన్నాడు.

అబద్ధం కాదు మావా, నిజంగానే గుర్తు లేదు.

అతని బట్టలు ఇస్త్రీ చెయ్యకుండానే అతని చేతిలో పెట్టేశాను. నాకు వీసా ఇచ్చిన కఫీల్ కేకలేశాడు. "ఖలాస్, నీ పని అయిపోయింది, మీ దేశం పో," అన్నాడు. పోతానన్నాను. సామాన్ సర్దుకుంటున్నాను.

నువ్వుంటే "పోనీలేవే, మర్చిపోయుంటాడు" అనేవాడివి. నేను అనలేను.

నీ
సత్యవతి