లాస్యకు గంట పడదు

పద్మా, పప్పు పొయ్యి మీద ఉంది. అన్నం గిన్నెలో వండు, కుక్కర్ పెట్టకు. ఎందుకో కింద రాసిన.

లాస్యను తీసుకొని నాచారం ప్లేస్కూల్‌కు పోతున్న. కొరుకుతుందని నీ కూతురిని ఉంచుకునేదీ లేనిదీ ఇయ్యాల పదకొండుకు తేలుస్తామని మేడం ఫోన్ చేసింది. కంపెనీలో మీ ఫోన్లు గేటు దగ్గరే పెట్టిస్తరు, నీకెట్ల చెప్పాలె? ఉప్పల్ డాక్టరమ్మ ఆటిజం అని రాసిచ్చిన కాగితం నా సంచిలో ఉంది, వెతకకు.

పిల్ల ఊరికే కొరకదు. నిన్న నేను అక్కడ కూర్చొని చూసిన. అన్నం గంట మోగగానే చెవులు మూసుకుంది. ఆయమ్మ చెయ్యి పట్టి లాగితే అప్పుడు కొరికింది.

"మస్తు మొండిది నీ మనుమరాలు" అన్నదామె.

"మొండిది గాదు బిడ్డా, ఆ సప్పుడు దానికి పడది. గంట కొట్టే ముంగట జర బయటికి తీస్కపోయి సూడు" అన్న. నవ్వింది. ఇయ్యాల మేడంకూ అదే చెప్త. ఎవరికీ తీరకపోతే రోజూ గంట వేళకు నేనే వచ్చి కూర్చుంటనని చెప్త. పిల్లను మాత్రం తీసెయ్యనియ్య.

కుక్కర్ సంగతి: విజిల్‌కు అది ఏడ్చినప్పుడల్లా దిష్టి అన్నది నేనే. రెండేండ్లు ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల వేసిన. పక్క పొయ్యి మీద కుక్కర్ కూస్తనే ఉండె.