లేకపోతే వదిలేయమన్న కండిషన్

జగ్గయ్యపేట

కుటుంబరావు బాబాయ్‌కి,

ముందు చిల్లకల్లు పొలంలో మోటారు ఫ్యూజులు పీకేసి, మిగతాది తర్వాత చదవండి. గాలిదుమారానికి కరెంటూ ఫోన్లూ పోయాయి కదా, అందుకే ఆటో అబ్బాయి చేత ఈ ఉత్తరం పంపుతున్నా.

మొన్న మీ స్టార్టర్‌లో మేం ఎక్కించిన కొత్త ప్రోగ్రామ్‌లో, బోరులో నీళ్ళు అయిపోతే మోటారును ఆపే భాగమే లేదు. ఆ భాగం ఉన్న ఫైలు దొరక్కపోతే ప్రోగ్రామ్ తయారీ అక్కడే ఆగిపోవాలి. మా నందిగామ ఆఫీసులో దిలీప్ మాత్రం ఫైళ్ళన్నీ కలిపి ప్రోగ్రామ్ తయారుచేసే బిల్డ్ స్క్రిప్టులో "ఫైలు ఉంటే కలుపు, లేకపోతే వదిలేసి ముందుకెళ్ళు" అని కండిషన్ పెట్టాడు. "ఎర్రర్ ఒక్కటీ రాలేదక్కా" అని మురిసిపోయాడు కూడా. ఎందుకొస్తుంది? నోరెత్తొద్దని తనే రాశాడుగా!

మీది ఆటో స్టార్టర్. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అవుతుంది. నీళ్ళయిపోయినా ఆగదు, కాలిపోయేదాకా తిరుగుతుంది.

అయ్యో బాబాయ్, ఇక్కడ ఫ్యాను తిరుగుతోంది.