తోట బంగళాలో క్రిస్మస్

నూజివీడు, 26-12-1948

అమ్మకు నమస్కారాలు.

మేం కిరస్తానంలో కలిశామని సాంబయ్య బాబాయి చెప్పింది నమ్మకు. మా మామిడితోట బంగళాలో అద్దెకున్న అమెరికా ఇంజనీరుగారు క్రిస్మస్‌కి పిలిస్తే, తాండ్ర పట్టుకుని వెళ్లాం, అంతే. వాళ్లది మార్మన్ సంఘమట, కిరస్తానంలోనే ఒక శాఖ. కాఫీ, టీ ముట్టరు. బెజవాడ నుంచి సంఘంవాళ్లూ వచ్చి అందరూ కలిసి పాటలు పాడారు.

మీ అల్లుడిగారి చేత దొరసానిగారిని పిల్లలెందరని అడిగించాను. నలుగురన్నారు. ఎదురుగా ముగ్గురే ఉన్నారు. “నాలుగోవాడు జ్వరంతో పోయాడు. పోయినా నా బిడ్డేగా. చావుతో కుటుంబం విడిపోదని మా సంఘంలో నమ్మకం” అన్నారట. తర్వాత నన్నడిగారు. ఎప్పుడూ ఒక్కడే అనేదాన్ని. నిన్న ఇద్దరన్నాను. అమ్మవారు పోసి పోయిన మన మాణిక్యం పేరు కూడా చెప్పాను. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఆయన ఆ పేరుతో సహా అదే మాట ఇంగ్లీషులో ఆవిడకు చెప్పారు.

నాన్నగారి దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా? బాబాయి వస్తే కాస్త కందిపొడి పంపు.

నీకూ నాన్నగారికీ పిల్లలిద్దరి నమస్కారాలు.

సుభద్ర