బెనిల్దా పంపిన తాడు

అరెకిపా, 1859

చిన్ననాటి నుంచి నన్ను చూసి నవ్వుతున్న బెనిల్దాకు, మెలితోన్ వ్రాయునది.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఇవాళ నా గనిలో తెల్లరాయి ఒకటి మీగడలా విడివడింది. పనివాళ్లకు చూపిస్తే "రాయే కదా యజమానీ!" అన్నారు. నువ్వుంటే చేత్తో తడిమేదానివి. నీ భర్త, ఆ సుంకం గుమాస్తా, పోయాక కూడా ఆ రేవులో ఏం చేస్తున్నావు? వచ్చెయ్యకూడదూ? పాత పెళ్లిమాట మళ్లీ ఎత్తను.

ఇట్లు,
మెలితోన్

తా.క. మొన్న భూమి కంపించింది. నేను కట్టిన ఇల్లు కదల్లేదు. నేనే కదిలాను, వంటింట్లోంచి వీధిలోకి.

*

గనుల దొర మెలితోన్ గారికి,

ఈ ఉప్పుగాలికి నా ఎముకలు తుప్పు పట్టాయి. వస్తున్నాను. కంచరగాడిదలవాడితో తాడొకటి పంపాను. ఆ పొడవుకు చోటు సిద్ధం చెయ్యి. ఒకసారి వచ్చానంటే ఇక కదలను.

బెనిల్దా

తా.క. మిస్తి కొండ కనబడేలా కిటికీ ఉండాలి.

*

నా బెనిల్దాకు,

తాడు అందింది. పోయినవాళ్ల నిలువు కొలిచి ఇలాంటి తాళ్లు పంపుతారు, మేం సమాధిపలక కోస్తాం. మనిషే తన తాడు పంపుకోవడం ఇదే మొదటిసారి చూడటం! ఎవరినీ నమ్మవు కదా. నువ్వు నా భుజం దాకా వచ్చేదానివి, తాడు నన్నే మించిపోయింది. ఈ వయసులో పెరిగావా? అయినా ఏడుస్తూనే ఆ మీగడరాయి కోసి నీ పేరు చెక్కాను. గుమాస్తాగారి ఇంటిపేరు చెక్కడానికి చెయ్యి రాలేదు, ఖాళీ వదిలాను. చావు తేదీ కూడా. తొందరపడకు.

నీ మెలితోన్

తా.క. సమాధికి కిటికీ ఎక్కడా ఎరగను. నీకోసం పెడతాను.

*

ఓరి మతిలేని మెలితోనూ,

నేను వచ్చేది చావడానికి కాదయ్యా! అది మా అమ్మ ఇచ్చిన దేవదారు మంచం పొడవు. అది లేనిదే నాకు నిద్ర పట్టదు. నీ గది కోళ్లగూడని తెలిసే కొలత పంపాను. ఊరు విడిచి ఎన్నాళ్లయిందో, మీ తాళ్ల ఆచారం మరిచేపోయాను. మంచం ముందు పంపుతున్నాను. ఆ ఖాళీలో నీ ఇంటిపేరు పడుతుందేమో చూసుకో.

బెనిల్దా

తా.క. వెడల్పు తాడు పంపలేదు. సిగ్గేసింది.

*

బెనిల్దాకు,

ఇంటిపేరు పట్టింది. పలకను గడప ముందు బోర్లా పరిచాను. గోడ పడగొట్టి వెనక్కి జరిపాను, కొండవైపు కిటికీ పెట్టాను. నిన్న మంచం వచ్చింది. సరిపోయింది.

నువ్వొచ్చేదాకా నేను పక్కనే నేలమీద పడుకుంటాను.

మెలితోన్