కుడి షెడ్డు కోళ్ళు

అత్తయ్యకి, నీ మేనల్లుడు నమస్కరించి రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను, ఉద్యోగమే ఇంకా ఖాయం కాలేదు. ఖాయమైతేనే కంపెనీవాళ్ళు క్వార్టర్ ఇస్తారు. అప్పుడే నీ కోడలు పాపని తీసుకుని పుట్టింటి నుంచి వస్తుంది. పాప బోర్లా పడడం కూడా నేను ఫొటోలోనే చూశాను.

నా ఉద్యోగం ఖాయం కావడం ఇప్పుడు నీ చేతుల్లో ఉంది. గుడ్ల కోళ్ళ కోసం మా కంపెనీ మూలికల పొడి తయారుచేసింది. శతావరి, నేలఉసిరి, మెంతులు, వెల్లుల్లి, ఇంకా ఏవేవో. దాణాలో కలిపితే కోడి ఆరోగ్యంగా ఉండి గుడ్లు ఎక్కువ పెడుతుందని మా మేనేజరుగారి నమ్మకం. అది నిరూపిస్తే నా ఉద్యోగం ఖాయం. నీకు రెండు షెడ్లున్నాయి కదా. ఎడమ షెడ్డు దాణాలో పొడి కలుపు, కుడి షెడ్డుకి ఉత్త దాణా పెట్టు. నెలాఖరుకి గుడ్ల లెక్క రాయి.

ఇట్లు,
నీ మీదే ఆశ పెట్టుకున్న మేనల్లుడు

తా.క. పొడి వాసన ఘాటు. మామయ్యకి ముందే చెప్పి మూట విప్పు.

*

చిరంజీవి అల్లుడికి, అత్తయ్య దీవించి రాయునది.

మూట అందింది. నీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమంది. కుడి షెడ్డు కోళ్ళు నీకేం అపకారం చేశాయిరా? అన్నీ ఒకే రోజు వచ్చిన పిల్లలు, ఒకే చేత్తో పెంచాను. కొన్నిటికి పెట్టి కొన్నిటిని ఊరించడం నా వల్ల కాదు. రెండు షెడ్లకీ సమానంగా కలిపేశాను. పక్షపాతం మన ఇంటావంటా లేదు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఆ వాసనకి మీ మామయ్య మకాం డాబా మీదికి మార్చాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇంకో మూట పంపు.

*

అత్తయ్యా, కొంప ముంచావు! నమస్కారం.

పక్షపాతం కాదు, పోల్చి చూడడం. రెండిటికీ పెట్టేస్తే గుడ్లు పెరిగింది పొడి వల్లో చల్లగాలి వల్లో మేనేజరుగారికి ఎలా తెలుస్తుంది? మళ్ళీ మొదలుపెట్టు. కుడి షెడ్డులో చిటికెడు పొడి కూడా పడకూడదు. పాప మీద ప్రేమ ఉంటే గుండె రాయి చేసుకో.

ఇట్లు,
నిద్ర పట్టని మేనల్లుడు

తా.క. మూట పంపుతున్నాను. కోళ్ళకే వాడు, మామయ్య మీద కాదు.

*

చిరంజీవి అల్లుడికి, అత్తయ్య అనేక దీవెనలతో.

పాప పేరెత్తావు కాబట్టి రాయి చేసుకున్నాను. పొడి ఎడమ షెడ్డుకే. అబద్ధమెందుకు, వాటి ఈకలు నిగనిగలాడుతున్నాయి, గుడ్డు పెంకు గట్టిపడింది, గుడ్లూ కాస్త పెరిగాయి.

కానీ నేను తట్ట పట్టుకుని ఎడమకి తిరిగినప్పుడల్లా కుడి షెడ్డువి మెడలు చాచి చూస్తాయిరా! ఆ చూపులు ఎవరు భరిస్తారు? పొడి వద్దన్నావు, పెట్టలేదు. ఆకుకూర కట్టలు వేలాడదీశాను. ఎండలకి కుండనీళ్ళు పెడుతున్నాను. నా గదిలో ఫ్యాను విప్పించి అక్కడ బిగించాను. సాయంత్రాలు స్టూలు వేసుకుని కాసేపు కబుర్లు చెప్పి వస్తున్నాను. పిచ్చి ముండలు, ఎడమవాటిని మించి పెడుతున్నాయి. ట్రేలు చాలడం లేదు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. నీకెందుకు శ్రమ అని లెక్క నేరుగా మీ మేనేజరుగారికే పోస్టు చేశాను. మూటతో వచ్చిన ఫారంలో కుడి షెడ్డుకి ఏమిచ్చారన్న చోట 'ఏమీ ఇవ్వలేదు' అని రాశాను. పొడి గురించే కదా వాళ్ళ ఆరా!

*

అత్తయ్యకి, మేనల్లుడి నమస్కారాలు.

నీ ఉత్తరమూ మేనేజరుగారి పిలుపూ ఒకే పూట వచ్చాయి. ఉద్యోగం ఊడిందనుకునే ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన లేచి నాతో చేయి కలిపారు. నీ లెక్క బల్ల మీద పరిచి ఉంది.

"ఏమీ ఇవ్వని షెడ్డే ఎక్కువ పెట్టిందయ్యా! ఇన్నేళ్ళూ నాకీ సంగతి తట్టలేదు" అన్నారు.

ఫ్యాను సంగతి చెప్పబోయాను, వినలేదు. పోనీ పొడి అమ్మడం ఆపేస్తారా అని అడిగాను.

"పొడికేం, అమ్ముదాం. నేను చెప్పేది కోళ్ళ గురించి కాదు, మన ఆఫీసు గురించి."

మధ్యాహ్నానికి నోటీసు అంటించారు. ఇకపై ఎవరి ఉద్యోగమూ ఖాయం చేయరు. జీతాలు పెంచరు, క్వార్టర్లు ఇవ్వరు, టీ కూడా బంద్. ఏమీ ఇవ్వకపోతేనే పని బాగా జరుగుతుందని ప్రయోగంలో తేలిందట. కనిపెట్టినవాడిగా కింద నా పేరు వేశారు. తోటి గుమాస్తాలు నన్ను కొరకొరా చూస్తున్నారు. పాపని ఎప్పుడు ఎత్తుకుంటానో తెలియక ఏడుపొస్తోంది. నీ మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు.

ఇట్లు,
ఖాయం కాని మేనల్లుడు

తా.క. మేనేజరుగారి జీతం మాత్రం ఈ నెలలోనే పెరిగింది. అదేమిటండీ అని అడిగాను. "పోల్చి చూడడానికి ఎడమ షెడ్డు కూడా ఒకటి ఉండాలి కదయ్యా!" అన్నారు.