మన కొత్త ఊరి బొడ్రాయి

అక్కా,

నువ్వు అత్తగారింట్ల కన్నుమూసిన ఏడాదికి, మన ఊరు పోచంపాడు ప్రాజెక్టుల మునుగుతదని అందరం ఆర్మూరు పక్కకు వచ్చినం. పంచాయతి సమితి వాళ్లు జాగా చూపించి ఇండ్లకు, బాయికి పైసలిచ్చిండ్రు. ఇండ్లు లేచినా ఎవరూ లోపలికి పోలేదు.

"వానలొస్తున్నయ్, ఇంకా చెట్ల కిందనేనా?" అన్నడు సమితి ఆఫీసరు.

"నడుమ ఊరిని కాసే బొడ్రాయి పాతకుంటే ఊరెట్లయితది సారూ?" అన్నడు పెద్దనాయన.

"అయితే జల్ది పాతుండ్రి. నాకు గూడ దావత్ ఉండాలె!"

ఇయ్యాల పాతినం. పెండ్లిళ్లయిన మన ఊరి ఆడబిడ్డలంతా అత్తగారిండ్లకెల్లి వచ్చి, కొత్త బాయి నీళ్లు తెచ్చి రాయి మీద పోసిండ్రు. అందరిదీ అయినంక అమ్మ ఇంకో బిందె ఎత్తింది.

"ఇది మా పెద్దదాని వంతు."

పెద్దనాయన పక్కకు జరిగి దారిచ్చిండు.

అక్కా, నువ్వు చూడని ఈ ఊరే ఇప్పుడు నీ తల్లిగారి ఊరు.

నీ తమ్ముడు